పడుగు ఇవతల నుంచి కొట్టిన కమాండు

మా ఆఫీసులో ఈ సంగతి చెప్పేవాళ్ళంతా ఒకే చోట మొదలుపెడతారు. “మేడమ్ గారి బయటి పద్ధతి వల్లే డిజైన్లన్నీ పోయాయండీ. పాపం, మళ్ళీ మేడమే తెచ్చిపెట్టారు” అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పోగొట్టిందీ నేనే, తెచ్చిందీ నేనే, చెల్లుకు చెల్లు, ఇక టీ తాగుదాం. ఆ రెండు మాటల్లో రెండోది నిజం. మొదటిది సగం తెలిసినవాళ్ళు పుట్టించి, ఏమీ తెలియనివాళ్ళకు అంటించిన మాట. నేను పూర్తిగా చెబుతాను. ఓపిక లేనివాళ్ళు ఆఫీసు కథతోనే సరిపెట్టుకోవచ్చు.

మాది బెజవాడలో ఒక మందుల షాపు పైన ఉన్న చిన్న ఆఫీసు. చీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీస్తాం. కంప్యూటర్లో గడి గడిగా గీస్తాం. ఒకప్పుడు ఆ గళ్ళను చూసి అట్టముక్కలకు చిల్లులు పొడిచి, వాటిని దండలా కుట్టి మగ్గం మీద పోగులను లేపే జకార్డు యంత్రానికి తగిలించేవారు. ఇప్పుడు కొన్ని మగ్గాలకు అట్టల బదులు చిన్న కంప్యూటరు పెట్టె బిగించారు. పొద్దున్నే స్విచ్చి వేయగానే ఆ పెట్టె మా ఆఫీసు కంప్యూటరును పలకరించి, కొత్త డిజైను ఉంటే తెచ్చుకుని, ఏ వరుసలో ఏ పోగులు లేవాలో జకార్డుకు చెబుతుంది.

నేను చేరిన కొత్తలో అక్కడి ఫైళ్ళ పేర్లు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకదాని పేరు ఫైనల్, పక్కదాని పేరు కొత్త ఫైనల్, దాని కింద అసలైన ఫైనల్. పట్టుబట్టి గిట్ పెట్టించింది నేనే. ఎవరు ఏ రోజు ఏ గడి మార్చారో చరిత్రలా వరుసగా దాచిపెట్టి, అడిగినప్పుడు ఏ పాత రోజునైనా తెచ్చి ముందు పెట్టే ఏర్పాటు అది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ వస్తువు, అంచు మీద చిలుకలు గీసేవాళ్ళకు ఎందుకమ్మా అని ఓనర్ గారు అడిగారు. “ప్రోగ్రాము తప్పయితే మళ్ళీ రాసుకుంటారండీ. నేసిన చీర తప్పయితే విప్పి మళ్ళీ నేస్తారా?” అన్నాను. జవాబు దొరకనప్పుడు సరే అనే అలవాటు ఆయనకుంది. మగవాళ్ళలో అరుదైన సుగుణం.

మేము డిజైను గీసే ఒక్కో నేత ఇంట్లో మగ్గానికొక ఫోల్డరు. మామూలుగా గిట్ వాడేవాళ్ళు ముందు ఆ ఫోల్డర్లోకి వెళ్ళి, అక్కడ నిలబడి కమాండ్లు కొడతారు. నేను వెళ్ళను. బయటే ఉండి గిట్ అని కొట్టి, చిన్న గీత పెట్టి, పక్కన పెద్ద C పెట్టి, ఆ ఫోల్డరు చిరునామా మొత్తం రాసి, ఆ తరువాత చేయాల్సిన పని రాస్తాను. ప్రతి కమాండుకూ అంతే. ఎందుకంటే లోపలికి వెళ్ళినవాళ్ళకు తాము ఎవరింట్లో ఉన్నారో గుర్తుండాలి. మధ్యలో ఫోను వస్తుంది, మిరపకాయ బజ్జీలు వస్తాయి, కరెంటు పోతుంది. తిరిగొచ్చి ఒక ఇల్లనుకుని ఇంకో ఇంటి డిజైను మీద చెయ్యి వేస్తారు. చిరునామా రాసి కొట్టేదానికి ఆ బాధ లేదు. ఎవరికి ఏం చెప్పానో ఆ వరుసలోనే ఉంటుంది. రేపు ఎవరైనా నిలదీసినా చూపించవచ్చు.

డిగ్రీలో లెక్కలు చదివాను, ఆపైన పీజీడీసీఏ చేశాను కానీ ఈ అలవాటు మాత్రం అక్కడ రాలేదు. నా పుట్టిల్లు మగ్గాల ఇల్లు. పరిచి ఉన్న పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులను, ఎవరూ దాటకూడదు. నేత ముడిపడుతుందని పెద్దవాళ్ళు అనేవారు. కాలు తగిలి పోగులు తెగితే అతుక్కోవలసింది ఆడవాళ్ళే గనుక నాకు ఆ మాట మూఢనమ్మకంలా ఎప్పుడూ తోచలేదు. అవతల ఉన్న వస్తువు కావాలంటే ఇవతల నిలబడి అడగాలి. అడ్డపోగు కండెను మోసే కొయ్య నాడెలు ఇంట్లో ఎన్నో ఉండేవి గనుక, “ఆ నాడె ఇటివ్వు” అంటే ఏ నాడె అని తిట్లు పడేవి. “కిటికీ కింద, ఎర్ర కండె ఉన్న నాడె” అనాలి. చోటు చెప్పాలి, వస్తువు చెప్పాలి, ఆ తరువాతే పని చెప్పాలి. గిట్‌లో ఆ పెద్ద C చూసిన మొదటిరోజే మా అమ్మ గొంతు వినిపించినట్టయింది.

తరువాత మాకొక టీమ్ లీడ్ వచ్చాడు. హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసి వచ్చినవాడు, నాకంటే బాగా చిన్నవాడు, తెలివైనవాడే. మొదటి వారంలోనే నా వెనక నిలబడి తెర చూశాడు.

“మేడమ్, ఒక్కసారి లోపలికెళ్తే సరిపోతుంది కదా. లైను లైనుకీ ఇంత అడ్రసు కొడతారేంటి? ఇంతకు ముందు పోస్టాఫీసులో చేశారా?”

“చేసుంటే మంచిదే కదండీ లీడ్ గారూ. ఉత్తరం పక్కింటికి పోయేది కాదు.”

“అందరూ లోపలికెళ్ళే చేస్తారు మేడమ్. మీది కొంచెం పాత స్టైలు.”

“అందరి సంగతీ మీరు చూసుకోండి. చిలకల సంగతి నేను చూసుకుంటా.”

ఆ రోజు నుంచి నాకు ‘గుమ్మం బయట మేడమ్’ అని పేరు పడింది. నా ముందు అనరు. నేను మెట్లు దిగేటప్పుడు అంటారు. ఆ మెట్లకు మాటలు మోసుకొచ్చే గుణం ఉంది.

ఇక మా పిన్ని. అమ్మకు చెల్లెలు. కంకిపాడు దాటాక కాలవ పక్క ఊరు. పెళ్ళయినప్పటి నుంచి మగ్గం మీదే ఉంది. ఇన్నేళ్ళూ ఆమె నేసిన చీరలన్నీ ఎవరో ఒక షావుకారు పేరు మీదే బయటికి వెళ్ళాయి. చీర బాగుంటే షావుకారు సరుకు బాగుందనేవారు, బాగాలేకపోతే నేసినదాన్ని అనేవారు. కిందటేడు కూచిపూడిలో నాట్యం నేర్పే గురువుగారు ఒక పెళ్ళిలో పిన్ని నేసిన చీర చూసి, ఎవరు నేశారో అడిగి అడిగి, నేరుగా ఇంటికి వచ్చారు. తన శిష్యురాళ్ళ నాట్యం దుస్తులకు చీరలు కావాలన్నారు. పిన్ని పేరు మీద, పిన్ని చేతికి వచ్చిన మొదటి ఆర్డరు అది.

గురువుగారికి ఒక పట్టుదల ఉంది. అంచులో చిలుకల బారు ఒకే దిక్కుకు నడిస్తే, దుస్తులు కుట్టి విసనకర్రలా మడతలు పెట్టినప్పుడు ఒక పక్క చిలుకలు ఆడే పిల్లకు వీపు చూపిస్తాయట. చీర సగానికి వచ్చేసరికి చిలుకలు వెనక్కి తిరగాలి. తిరిగే చోట రెండు చిలుకలు ఎదురెదురుగా నిలబడాలి, వాటి ముక్కుల మధ్య ఒక పువ్వు ఉండాలి. ఆ పువ్వు నేను గీశాను. ఊరికే గీయలేదు. రేకు వంపు తిరిగితే నేతలో పట్టు లేక పోగు వేలాడేది, పోగు నిలిస్తే రేకు గడ్డపారలా కనిపించేది. రెండూ కుదిరేదాకా ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గీసి, ఆఫీసు కంప్యూటర్లోని చరిత్రకు పంపించాను. పిన్ని పెట్టె దాన్ని తెచ్చుకుంది. మొదటి చీర మొదలైంది.

మొదటి చీర చూడటానికి గురువుగారు ఒక సాయంత్రం వస్తానన్నారు. నచ్చితే మిగిలిన చీరలన్నీ పిన్నివే. లేకపోతే తెలిసిన షావుకారు ఉండనే ఉన్నాడు, ఆయన దగ్గరికే వెళతారు. ఆ మాట గురువుగారు మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పిన మాటకే పిన్ని ఎక్కువ భయపడింది. ఆ రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. “ఆ డబ్బా తెచ్చావంటే అన్నం పెట్టను” అని పిన్ని ముందే హెచ్చరించింది గనుక ల్యాప్‌టాప్‌ను ఇంట్లోనే పెట్టి తాళం వేసి, బందరు బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి మగ్గాల గది గుమ్మం నుంచి వెనక గుమ్మం దాకా పడుగు పరిచి ఉంది. రెండో మగ్గానికి కొత్త పడుగు అతుకుతున్నారు. బాబాయి కింద కూర్చుని పాత పోగుకూ కొత్త పోగుకూ ఒక్కొక్కటిగా ముడి వేస్తున్నాడు. పిన్ని తెల్లారే లోపలికి వెళ్ళినట్టుంది, అవతల తన మగ్గం గుంటలో కూర్చుని ఉంది. చెయ్యి ఆడటం లేదు.

“పువ్వు ఎంతదాకా వచ్చింది పిన్నీ?”

“సగానికొచ్చింది. పొద్దున స్విచ్చేసినప్పటి నుంచీ ఈ పెట్టె మూగపోయిందే. ఏదీ లేదంటోంది.”

“ఏదీ లేదంటే?”

“ఏదీ లేదంటే ఏదీ లేదనే. అంత చదివావు, తెలుగు రాదా?”

ఒక అడుగు వేశాను. బాబాయి తల ఎత్తలేదు కానీ గొంతు ఎత్తాడు. “అక్కడే ఆగమ్మా.”

“వెనక నుంచి తిరిగి వస్తాను బాబాయ్.”

“వెనక గుమ్మానికే కట్టాం రెండో కొస. మధ్యాన్నం దాటాలి ఇది అయ్యేసరికి.”

నేను ఎవరితోనైనా వాదిస్తాను. పంతులుగారితో వాదిస్తాను, కండక్టరుతో వాదిస్తాను. పడుగుతో వాదించను. అరుగు మీద కూర్చుని ఆఫీసుకు ఫోను చేశాను. లీడ్ ఎత్తాడు. వెనకాల ఇంకో రెండు ఫోన్లు మోగుతున్నాయి.

“మేడమ్, కంగారు పడకండి. నిన్న సాయంత్రం కొత్త స్క్రిప్టు పెట్టా. మీ స్టైలే. బయటి నుంచే అన్ని ఇళ్ళ ఫోల్డర్లూ ఒకేసారి సేవ్ చేస్తుంది. ఎక్కడో చిన్న తేడా వచ్చినట్టుంది.”

“నా స్టైలంటున్నారు కదా, చదవండి, వింటా.”

చదివాడు. వరుసగా రాసిపెట్టిన ఆ కమాండ్లలో నా పెద్ద C లేదు. దాని చోట ఇంకో మాట ఉంది, చరిత్ర దాచిన పెట్టె ఎక్కడుందో మాత్రమే గిట్‌కు చెప్పే మాట.

“చరిత్ర ఎక్కడుందో చెప్పారు. డిజైన్లు ఎక్కడున్నాయో చెప్పారా?”

“అదే ఫోల్డర్లో ఉంటాయి కదా మేడమ్. దానికి తెలీదా?”

“తెలీదు. మీరు చెప్పకపోతే నించున్న చోటే వెతుక్కుంటుంది. మీరు ఎక్కడ నించుని కొట్టారు?”

“నా ఫోల్డర్లో.”

“మీ ఫోల్డర్లో చిలకలున్నాయా?”

“లేవండీ.”

“అందుకే చిలకలన్నీ పోయాయని చరిత్రలో రాసుకుంది. పొద్దున్నే మగ్గాలు లేచి, ఆఫీసు వాళ్ళు చెప్పారు కదా అని వాటి దగ్గరున్నవి కూడా తీసేశాయి.”

అవతల కీబోర్డు టకటకలాడింది. తరువాత ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. “కానీ మేడమ్, ఆఫీసు కంప్యూటర్లో ఫైళ్ళు అలాగే ఉన్నాయి. నా కళ్ళముందే ఉన్నాయి. ఇప్పుడే కాపీ కొట్టి అన్ని పెట్టెలకీ తోసేస్తా.”

“ఆగండి. పిన్ని ఫోల్డరు తెరవండి. పువ్వుందా?”

వెతికాడు. పువ్వు లేదు. ఉండదని నాకు తెలుసు. మేము ఇళ్ళ నుంచి పంపించేవి ఆ కంప్యూటర్లోని చరిత్రలోకి చేరతాయి. కళ్ళకు కనిపించే ఫైళ్ళు మాత్రం ఎవరో ఒకరు పూనుకుని తాజా చేసేదాకా పాతవే. అతని కళ్ళముందు ఉన్నవి గురువుగారు రాకముందు గీసిన చిలుకలు, అన్నీ ఒకే దిక్కుకు పోయేవి. అవి వెళ్ళి పిన్ని మగ్గం మీద కూర్చుంటే, సగం విచ్చిన పువ్వు మీద చిలుక తోక వస్తుంది. ఆ సాయంత్రం గురువుగారు చూసేది అదే.

ఓనర్ గారు ఫోను తీసుకున్నారు. “అమ్మా, ఉన్నదాంతో కానిచ్చేద్దాం. మిగతా మగ్గాలు కూడా ఆగిపోయి ఉన్నాయి.”

“మిగతా ఇళ్ళకు ఆ పాతవి సరిపోతాయి, పంపించండి. ఈ ఇంటికి సగం పువ్వు, సగం తోక వస్తుందండీ. గురువుగారికి మీరు చెప్తారా?”

“వద్దులే అమ్మా.”

మళ్ళీ లీడ్. “మేడమ్, అయితే పెట్టె ముందు కూర్చోండి. లోపలికెళ్ళండి, నేను ఒక్కొక్కటీ చెప్తా.”

“లోపలికెళ్ళలేను. పడుగు అడ్డం ఉంది.”

“ఏం అడ్డం ఉంది?”

“పడుగు. ఈ ఇంటి ఫోల్డరు మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యకండి. నిన్న పడిన చెయ్యి చాలు, నేనే సరిచేస్తా” అని పెట్టేశాను.

ఆ పెట్టెలకు కీబోర్డు ఉండదు, నాలుగు బొత్తాలు ఉంటాయి. వాటిని సర్దిపెట్టిన రోజుల్లోనే, అవసరమైతే ఫోను నుంచి కమాండు పంపేలా నేను ఏర్పాటు చేసుకున్నాను. అప్పుడు కూడా నవ్వారు. మగ్గాల గదిలోని వైఫై అరుగు దాకా వస్తుంది, కానీ వచ్చినంతసేపూ ఉండదు. కలుస్తుంది, తెగుతుంది. తెగి మళ్ళీ కలిసిన ప్రతిసారీ మనం ఆ పెట్టె గుమ్మంలోనే ఉంటాం. ఫోల్డర్లోకి వెళ్ళి పనిచేసేవాళ్ళయితే తాము ఇంకా లోపలే ఉన్నామనుకుని తరువాతి కమాండు కొట్టేస్తారు. రెండు మగ్గాలకూ ఆ పెట్టె ఒక్కటే గనుక అందులో పిన్ని ఫోల్డరు పక్కనే రెండో మగ్గం ఫోల్డరు కూడా ఉంది. నా కమాండు మాత్రం తెగినా కలిసినా ఒకటే, చిరునామా దాని నొసటనే ఉంది.

ఫోను మీద అంత పొడుగు వరుస కొట్టడం సుఖమేమీ కాదు. బాబాయి ముడి వేస్తూనే అడిగాడు.

“ఎవరికమ్మా అంత పొడుగు మెసేజీ?”

“పిన్ని మగ్గానికి బాబాయ్.”

“జవాబిస్తోందా?”

“ఇస్తోంది. పిన్నికంటే మర్యాదగానే.”

“నాకు వినపడుతోంది” అంది పిన్ని గుంటలోంచి.

ముందు ఆ ఫోల్డరు చరిత్ర చూపించమని అడిగాను. పైన లీడ్ గారి సాయంత్రపు సేవ్, అన్నీ తీసేసినట్టు. దాని కింద, చెక్కు చెదరకుండా, నేను పెట్టిన మాట: చిలకలు తిరిగే చోట పువ్వు. ఊపిరి అప్పుడు తీసుకున్నాను. గిట్‌లో తీసివేత కూడా ఒక పనిగానే రాసి ఉంటుంది, దాని కిందివి ఎక్కడికీ పోవు. ఆ తీసివేతను తలకిందులు చేస్తూ ఇంకో పని రాయమని చెప్పాలి, అంతే. రాసేముందు చిరునామా మళ్ళీ చదువుకున్నాను. రెండో మగ్గానిది కాదు, పిన్నిదే. కొట్టాను. వైఫై తెగింది. కలిసింది. మళ్ళీ చరిత్ర అడిగాను. అన్నిటికంటే పైన నా పేరుతో కొత్త వరుస నిలబడి ఉంది.

“పిన్నీ, పచ్చ బొత్తాం నొక్కు.”

నొక్కింది. పెట్టె తెర మీదికి వంగింది.

“ఏం కనిపిస్తోంది?”

“చిలకలు” అంది. తరువాత, “పువ్వు కూడా” అంది. మరి కాసేపటికి మగ్గం చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వింటూ అదే కమాండును ఇంకో పనికి మార్చి, సరిదిద్దిన చరిత్రను ఆఫీసుకు కూడా పంపించాను. అందాకా ఆ అరుగు మీద నుంచి లేవలేదు, చెప్పులు కూడా విప్పలేదు. చెప్పడానికి నాకు మొహమాటమేమీ లేదు, ఆ రోజు నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను. అక్కడికి మా జిల్లాలో ఎంతమంది లీడ్లను తెచ్చి కూర్చోబెట్టినా, ఆ పడుగు దాటకుండా ఆ పని చేసేవాళ్ళు నాకు తెలిసి ఇంకొకరు లేరు.

గురువుగారు సాయంత్రం వచ్చారు. పడుగు పని అయిపోయింది గనుక నేరుగా మగ్గం దాకా వెళ్ళారు. అంచును వేళ్ళ మీద విసనకర్రలా మడిచి, అటూ ఇటూ తిప్పి చూశారు.

“పువ్వు ఎవరు గీశారమ్మా?”

“మా అక్క కూతురండీ. నోరు పెద్దది, చెయ్యి మంచిది” అంది పిన్ని.

ఆయన నవ్వి, మిగిలిన చీరలు ఎప్పటికి ఇస్తారని అడిగారు. షావుకారు మాట మళ్ళీ రాలేదు. ఆయన వెళ్ళాక పిన్ని నా పళ్ళెంలో గోంగూర మీద ఇంకో గరిటె నెయ్యి పోసింది. ఆమె మెచ్చుకోలు ఎప్పుడూ నోటితో ఉండదు.

మర్నాడు నేను ఆఫీసుకు వెళ్ళేసరికి లీడ్ తన స్క్రిప్టు మార్చేసి ఉన్నాడు. ప్రతి వరుసలోనూ చిన్న గీత, పెద్ద C, పూర్తి చిరునామా. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు అతనే నేర్పుతున్నాడు, బాగానే నేర్పుతున్నాడు కూడా. “బయటి నుంచి చేసేటప్పుడు జాగ్రత్త, ఒకసారి మేడమ్ గారి పద్ధతి వల్ల...” అంటూ మొదలుపెడతాడు. నేను పక్క కుర్చీలోంచి ప్రతిసారీ దిద్దుతాను. “నా పద్ధతి వల్ల కాదు, మీరు నా పద్ధతి అనుకున్నదాని వల్ల.” కొత్తవాళ్ళు తలలు వంచుకుని కీబోర్డులు చూసుకుంటారు. ఓనర్ గారు “సర్దుకుపోమ్మా” అంటారు. సర్దుకుపోవడానికి అది బస్సులో సీటు కాదు. మా పిన్ని పేరు షావుకారు కింద ఎన్నేళ్ళు నలిగిందో చూసినదాన్ని. చేసిన పని ఎవరిదో, చెడగొట్టిన పని ఎవరిదో విడివిడిగా ఉండాలి నాకు.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. అంతకాలం నన్ను ఎగతాళి చేసిన మనిషి, ఒక సాయంత్రం ఉన్నట్టుండి, చేతికందే దూరంలో కూర్చున్న నన్ను ఒక్క మాట అడగకుండా ఆ స్క్రిప్టు రాశాడు. రెండుసార్లు కదిపి చూశాను. “అయిపోయింది కదా మేడమ్” అని నవ్వేశాడు. అయిపోలేదు. లీడ్ గారూ, ఆ రోజు మీరు నా పద్ధతి నచ్చి రాశారా, అది పనికిరాదని నలుగురికీ చూపిద్దామని రాశారా?